రోజుకి మూడొందల కిలోమీటర్లు చాలు

పోయిన నెల ఈ శీర్షికలో స్టువర్ట్ హైవే గురించి నాలుగు ముక్కలు రాశాను. ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న పోర్ట్ అగస్టా నుంచి ఉత్తరాన డార్విన్ దాకా, దేశం నడిమధ్య ఎర్రమట్టి ఎడారిలోంచి నిలువునా పోయే రోడ్డు అది. అది పట్టుకుని బెంగళూరు నుంచీ చెన్నై నుంచీ బోలెడన్ని ఉత్తరాలొచ్చాయి. ఎక్కువ భాగం చిన్నపిల్లల తల్లిదండ్రులవి, ఒకటి ఒక నాయనమ్మగారిది, ఒకటైతే నన్ను బాగా కడిగేసింది. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి పేటల పేర్లతో సరిపెడుతున్నాను.

ప్రశ్న: మాకు నాలుగేళ్ళ పాప, ఏడేళ్ళ బాబు. మే సెలవుల్లో అడిలైడ్‌లో దిగి, మంచాలూ వంటపొయ్యీ ఉన్న మోటార్‌హోమ్ బండి అద్దెకి తీసుకుని డార్విన్ దాకా వెళ్ళి, అక్కడ బండి ఇచ్చేసి విమానం ఎక్కేద్దామని మావారి ప్లాన్. మొత్తం పది రోజులు. ఎక్సెల్ షీట్ కూడా తయారైపోయింది. నాకే ఎందుకో టెన్షన్‌గా ఉంది. చిన్నపిల్లలతో ఇది అయ్యే పనేనా? – వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: మీ టెన్షన్‌లో న్యాయం ఉందండీ. ఆ షీట్ తీసి నాతోపాటు ఇంకోసారి లెక్కేయమని మీవారికి చెప్పండి. అడిలైడ్ నుంచి డార్విన్‌కి ఇంచుమించు 3,000 కిలోమీటర్లు. అంతదూరం వెళ్ళి ఉలురు కొండ చూడకుండా ఎవరూ రారు, దానికోసం ఎర్ల్‌డండా దగ్గర హైవే దిగి పడమటికి 245 కిలోమీటర్లు పోయి, మళ్ళీ అంతా వెనక్కి రావాలి. మొత్తం 3,500 అయింది. బండి తీసుకునే రోజూ తిరిగిచ్చే రోజూ తీసేస్తే మిగిలేవి ఎనిమిది, అంటే రోజుకి 430 పైమాటే. "ఓస్, ఇంతేనా, హైదరాబాద్ ఒక్కరోజులో కొట్టేస్తాను" అంటారు మీవారు, అనకపోతే నన్నడగండి.

కొట్టేస్తారు, కానీ హైదరాబాద్‌కి మనం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, ఆలస్యమైతే రాత్రి తొమ్మిదింటికి చేరతాం. అక్కడ ఆ రెండు చివర్లూ ఉండవు. మే నెలలో ఆ ప్రాంతంలో సాయంత్రం ఆరయ్యేసరికి చీకటి పడుతుంది, పొద్దున ఏడు దాకా సరిగ్గా తెల్లవారదు. సరిగ్గా ఆ సంధ్యవేళల్లోనే కంగారూలు రోడ్డు మీదికొస్తాయి, చాలాచోట్ల మేత భూములకి కంచె ఉండదు కాబట్టి ఆవులూ ఎద్దులూ కూడా వస్తాయి. ఊరు దాటాక రాత్రిపూట నడపకూడదని చాలా అద్దె కంపెనీలు ఒప్పందంలోనే రాసుకుంటాయి, నడిపి గుద్దితే ఖర్చు మీ నెత్తినే. కాబట్టి నాలుగున్నరకల్లా బండి ఎక్కడో ఒకచోట ఆగి ఉండాలి.

పోనీ పొద్దున్నే బయల్దేరదామా అంటే, అడిలైడ్ గడియారం మనకంటే నాలుగు గంటలు ముందు. అక్కడ పది అయితే మీ పిల్లల ఒంటికి ఇంకా ఆరు. మొదటి మూడు నాలుగు రోజులు వాళ్ళని లేపి, పళ్ళు తోమించి, ఏదో ఒకటి నోట్లో పెట్టి, పక్కలు మడిచి, కరెంటు వైరు పీకి చుట్టి, అలమర తలుపులన్నీ బిగించి బండి కదిలేసరికి పది దాటుతుంది. పదింటి నుంచి నాలుగున్నర అంటే ఆరున్నర గంటలు. అందులోనే భోజనం, నాలుగైదుసార్లు "అమ్మా, వన్", ఒకసారి తప్పకుండా బట్టలు మార్చడం. సామానుతో నిండిన మోటార్‌హోమ్‌ని 90కి మించి తోలడం నాకైతే ఇష్టం ఉండదు. ఇదంతా పోను 300 కిలోమీటర్లు వస్తాయి. అంతే వస్తాయి.

తమాషా ఏమిటంటే ఆ రోడ్డు కూడా ఈ లెక్క తెలిసే వేసినట్టుంటుంది. అడిలైడ్ నుంచి పోర్ట్ అగస్టా 310. అక్కడి నుంచి గ్లెన్‌డాంబో 285, గ్లెన్‌డాంబో నుంచి కూబర్ పీడీ 254, కూబర్ పీడీ నుంచి మార్లా 235, మార్లా నుంచి ఎర్ల్‌డండా 255, ఎర్ల్‌డండా నుంచి ఉలురు పక్కనున్న యులారా 245. ఒక్కో ముక్క చివర పెట్రోలు బంకు, తిండి, స్నానాల గదులు, కరెంటు పాయింటుతో బండి నిలుపుకునే స్థలం ఉంటాయి. ఎర్ల్‌డండా రోడ్‌హౌస్‌లో (బంకూ హోటలూ కలిసిన దారిపక్క మజిలీని అలా అంటారు) అయితే కంచె అవతల ఈము పక్షులు కూడా ఉంటాయి, మా చిన్నది వాటిని చూస్తూ చేతిలో ఉన్న దోసె సంగతే మర్చిపోయింది. పోర్ట్ అగస్టా దాటాక దారిలో వూమెరా వస్తుంది. 1947లో రాకెట్లూ క్షిపణులూ పరీక్షించడానికి ఏర్పాటు చేసిన చోటు, పాతవన్నీ ఊరి మధ్య ఆరుబయట నిలబెట్టి ఉంచారు, ఏడేళ్ళ బాబుని అక్కడి నుంచి కదిలించడం కష్టం, గంటన్నర దానికి వదిలేయండి. గ్లెన్‌డాంబోలో మాత్రం ట్యాంకు నింపకుండా కదలొద్దు. తర్వాత 254 కిలోమీటర్లు బంకు లేదు. బెంగళూరు నుంచి గుత్తి దాకా దారిలో ఒక్క బంకు గానీ, టీ కొట్టు గానీ లేదనుకోండి, అదీ సంగతి.

అందుకని నేను చెప్పేది, డార్విన్ వదిలేయండి. కూబర్ పీడీలో రెండు రాత్రులు, యులారాలో మూడు, చివర్లో ఎడారి నడుమ ఊరైన ఆలిస్ స్ప్రింగ్స్‌లో రెండో మూడో వేసుకుని, అక్కడే బండి అప్పగించి విమానం ఎక్కండి. యులారా నుంచి ఆలిస్‌కి మాత్రం 445 ఉంది, మళ్ళీ ఎర్ల్‌డండాలో ఒక రాత్రి ఆగితే అదీ రెండు ముక్కలవుతుంది. దీనికి రెండు వారాలు కావాలి. సెలవు పది రోజులే ఉంటే అడిలైడ్‌ కూడా వదిలేసి నేరుగా ఆలిస్‌కి ఎగిరి, ఉలురు, కింగ్స్ కాన్యన్ లోయ చుట్టి రండి, ఆ చుట్టు మొత్తం తారు రోడ్డు మీదే చేయొచ్చు. విమానం దిగిన రోజు మాత్రం స్టీరింగ్ పట్టుకోవద్దు, ఆ రాత్రి హోటల్‌లో పడుకుని మర్నాడు బండి తీసుకోండి. ఈ ఒక్కదాంట్లో బేరాల్లేవు.

షీట్ పారేయక్కర్లేదు, మీవారు కష్టపడి చేశారు, కిలోమీటర్ల గడి పక్కన "బండి ఆగే టైము" అని ఇంకో గడి పెట్టమనండి చాలు.

ప్రశ్న: మా అన్నయ్యవాళ్ళు అడిలైడ్‌లోనే ఉంటారు. వాళ్ళ ఎస్‌యూవీకి క్యారవాన్ తగిలించుకుని రెండు కుటుంబాలూ కలిసి వెళ్దామంటున్నారు. క్యారవాన్‌లో మంచాలుంటాయి కదా, బండి నడుస్తున్నప్పుడు పిల్లల్ని అందులో పడుకోబెడితే హాయిగా నిద్రపోతారు. మా బాబుకి మూడేళ్ళు. ఇక్కడి కారు సీటు తీసుకెళ్ళాలా? లైసెన్స్ సంగతేంటి? – పళ్ళికరణై, చెన్నై

జవాబు: వద్దు సార్. కారు వెనక లాగే క్యారవాన్‌లో మనుషులు కూర్చోవడం, పడుకోవడం అక్కడ చట్టవిరుద్ధం. పెద్దలకైనా అంతే. చట్టం సంగతి పక్కన పెట్టినా, అది ఊగి బోల్తా పడితే లోపల మంచం మీదున్న పిల్లాణ్ణి పట్టి ఉంచేది ఏదీ ఉండదు. ఈ ప్రశ్న మీరొక్కరే అడగలేదు లెండి, కాబట్టి మొహమాటపడకండి.

పిల్లల సీట్ల విషయంలో అక్కడ వయసుల వారీగా రూలు ఉంది. ఆరు నెలల దాకా వెనక్కి తిరిగి ఉండే సీటు. ఆరు నెలల నుంచి నాలుగేళ్ళ దాకా వెనక్కో ముందుకో తిరిగి ఉండి, సొంత బెల్టులున్న సీటు. నాలుగు నుంచి ఏడు దాకా అలాంటిదే గానీ, పిల్లవాణ్ణి ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టర్ సీటు గానీ. ఏడు దాటాక మామూలు బెల్టు సరిపోతుందంటుంది చట్టం, కానీ పిల్లవాడు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా బూస్టర్ మేలని అక్కడివాళ్ళే చెప్తారు. ఆస్ట్రేలియా ప్రమాణం ముద్ర ఉన్న సీటే చెల్లుతుంది, మనం ఇక్కడ ఎంత పెట్టి కొన్నదైనా అక్కడ పనికిరాదు. వాళ్ళ సీట్లకి పైనుంచి ఒక పట్టీ వెళ్ళి కారులో కొక్కేనికి తగులుకుంటుంది, అది బిగించకపోతే సీటు పెట్టి లాభం లేదు. కాబట్టి లగేజీలో మోయకండి, అక్కడే అద్దెకి తీసుకోండి.

మోటార్‌హోమ్ తీసుకునేవాళ్ళకి కూడా ఒక మాట. "నలుగురు పడుకునే బండి" అని రాసి ఉన్నంతమాత్రాన నలుగురు కూర్చుని ప్రయాణం చేసే బండి అనుకోవద్దు, అందులో పిల్లల సీటు బిగించే కొక్కేలు ఎన్ని సీట్లకి ఉన్నాయో ముందే రాతపూర్వకంగా అడగండి. పక్కకి తిరిగి ఉండే బెంచీల మీద పిల్లల సీటు బిగించకూడదు. ఇంకోటి, చాలా బండ్లలో ఆ కొక్కేలు వెనక భోజనాల బల్ల దగ్గరుంటాయి, డ్రైవరు సీట్లకి రెండు మీటర్ల వెనక. ముందు కూర్చున్న అమ్మ చెయ్యి చాచినా నీళ్ళ సీసా అందదు, ఇంజను రొదలో పిల్ల ఏమంటుందో వినపడదు. అమ్మానాన్నల్లో ఒకరు వెనక కూర్చోవాల్సిందే. అలమరలో స్టీలు కంచాలు పెట్టారంటే ప్రతి గతుక్కీ డప్పు వాయిద్యమే, కంచానికీ కంచానికీ మధ్య చేతి రుమాలు వేసి పేర్చండి.

లైసెన్స్ సులువే. అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు. కారు లైసెన్స్‌తో 4.5 టన్నుల లోపు బండి నడపొచ్చు, మామూలు మోటార్‌హోమ్‌లు అందులోకే వస్తాయి. ఇంగ్లీషులో ఉన్న మన స్మార్ట్ కార్డు, పాస్‌పోర్టు, దాంతోపాటు ఇక్కడి ఆర్‌టీఓ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ పెట్టుకుంటే అద్దె కౌంటరు దగ్గర వాదనలుండవు.

క్యారవాన్ లాగడం మాత్రం మీ అన్నయ్యగారికి అలవాటుంటేనే. అలవాటున్నవాళ్ళకి అదే సుఖం, క్యారవాన్ క్యాంపులో వదిలేసి కారులో ఊరంతా తిరిగి రావచ్చు, మోటార్‌హోమ్ అయితే పాల ప్యాకెట్‌కి కూడా ఇల్లంతా సర్దుకుని కదలాలి. కానీ లాగే బండిని రివర్స్ చేయడం, బరువు సరిగ్గా సర్దడం ఎడారిలో, వెనక పిల్లలు ఏడుస్తుంటే నేర్చుకునే విద్యలు కావు. దానికితోడు రోడ్ ట్రైన్లుంటాయి. ఒకే ఇంజను వెనక మూడు నాలుగు ట్రెయిలర్లు తగిలించిన లారీలు, 53.5 మీటర్ల పొడవు దాకా ఉంటాయి. ఎదురొచ్చినప్పుడు గాలి ఒక్క తోపు తోస్తుంది, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని నిదానంగా ఎడమకి ఉండండి. దాన్ని దాటాలంటే కిలోమీటరుకి పైగా ఖాళీ రోడ్డు కనపడాలి. మీకు తొందరేముంది, దాని వెనకాలే పోండి.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు రెండున్నరేళ్ళ మనవణ్ణి తీసుకుని ఆ ఎడారికి పోతామంటున్నారు. వాడికి పప్పన్నం లేకపోతే గడవదు. ఆవకాయ, కందిపొడి, నెయ్యి కట్టివ్వొచ్చా? అంతకన్నా, మనుషులే లేనిచోట పిల్లాడికి జ్వరమొస్తే ఏం చేస్తారు నాయనా? పాములు కూడా ఎక్కువట. – మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు తిండి సంగతి. మీరు ప్రేమగా కట్టిచ్చిన సీసాకి అక్కడి ఎయిర్‌పోర్టులో విలువ ఉండదు. తినే వస్తువు ఏదైనా కాగితంలో రాసి చూపించాలి, దాచి దొరికితే వేల డాలర్ల దాకా జరిమానా వేస్తారు. పచ్చి కరివేపాకు, పళ్ళు, విత్తనాలు మీ సంచిలో అసలు ఉండకూడదు. లేబుల్ లేని ఇంటి పచ్చళ్ళూ పొడులూ అధికారి చూసి ఒప్పుకుంటే సరే, లేకపోతే కళ్ళముందే చెత్తబుట్టలో పడేస్తారు. నెయ్యి, పాలపొడుల జోలికే పోవద్దు. అడిలైడ్‌లో ఇండియన్ కొట్లు బోలెడు, సోనామసూరి, కందిపప్పు, పొడులు, పచ్చళ్ళు, నెయ్యి అన్నీ దొరుకుతాయి. బయల్దేరే ముందు రోజు అక్కడ కొనుక్కోమనండి, ఎందుకంటే ఎడారి రోడ్‌హౌస్‌ల్లో బ్రెడ్డు ముక్క కూడా రెండింతల ధర.

కోడలుగారికి మీరు ఇవ్వదగ్గ వస్తువు ఒకటుంది, చిన్న రెండు లీటర్ల ప్రెషర్ కుక్కర్. మోటార్‌హోమ్‌లో గ్యాస్ పొయ్యి ఉంటుంది. రైస్ కుక్కర్ అనుకుంటారు గానీ, కరెంటు పాయింటు ఉన్న క్యాంపులో తప్ప బండిలో అది పనిచేయదు. మధ్యాహ్నం రోడ్డు పక్కన విశ్రాంతి స్థలంలో ఆగి, ఒక గిన్నెలో బియ్యం, ఒక గిన్నెలో పప్పు పెట్టి మూడు కూతలు రానిస్తే మీ మనవడి భోజనం అయిపోతుంది. కాకపోతే బయట కూర్చుని తినిపిద్దామంటే ఈగలు! మన ఈగల్లా తిండి మీద కాకుండా కళ్ళలోకి, ముక్కులోకి, నోట్లోకి దూరతాయి. తలమీంచి మెడదాకా వేసుకునే వల టోపీలు దారిలో బంకుల్లో అమ్ముతారు, కానీ వలలోంచి ముద్ద పెట్టడం ఎలాగో ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు. బండి లోపలే తినిపించమనండి. ఈ ఈగలు వేడికాలంలో ఎక్కువ, అక్కడ చలికాలమైన జూన్, జూలైల్లో బాగా తగ్గుతాయి.

జ్వరం గురించి మీ భయం పెద్దదే, కానీ ఆ దేశం అందుకు ఏర్పాటు చేసుకుంది. 1928లో జాన్ ఫ్లిన్ అనే మతగురువు క్లాంకరీ అనే ఊళ్ళో మొదలుపెట్టిన విమాన వైద్య సేవ, రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్, ఇప్పటికీ ఆ ఎడారికంతటికీ దిక్కు. అవసరమైతే విమానం వచ్చి దిగుతుంది. ఆలిస్ స్ప్రింగ్స్‌లో దాని గురించి చిన్న మ్యూజియం కూడా ఉంది, మీ మనవడికి విమానం చూపించొచ్చు. ఈ దారిలో పోర్ట్ అగస్టా, కూబర్ పీడీ, ఆలిస్‌లలో ఆస్పత్రులున్నాయి, యులారాలో క్లినిక్ ఉంది. కాకపోతే మన టూరిస్టులకి అక్కడ వైద్యం ఉచితం కాదు, కాబట్టి పిల్లాడి పేరు కూడా రాసి ఉన్న ప్రయాణ ఇన్సూరెన్స్ లేకుండా ఇల్లు కదలనివ్వకండి. మీ పిల్లల డాక్టరు చేత జ్వరం, వాంతులు, విరేచనాలు, అలర్జీ మందులు వాడి బరువుకి తగ్గ మోతాదుతో కాగితం మీద రాయించి, మందులు కంపెనీ డబ్బాల్లోనే పెట్టమనండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు కాస్త ఎక్కువే వేయండి, ఆ పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, పిల్లలు దాహం అని అడగనే అడగరు.

అత్యవసర నంబరు 000. సిగ్నల్ ఉండేది ఊళ్ళలోనూ రోడ్‌హౌస్‌ల దగ్గరా, మధ్యలో వందల కిలోమీటర్లు ఏమీ ఉండదు. టెల్‌స్ట్రా సిమ్ తీసుకోమనండి, ఆ ప్రాంతంలో దానిదే మెరుగు. ఐఫోన్ 14, ఆ తర్వాతవి అయితే సిగ్నల్ లేనిచోట కూడా శాటిలైట్ మీద అత్యవసర సందేశం పంపొచ్చు. మీ అబ్బాయికి ఒకటే గట్టిగా చెప్పండి: బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండాలి. సాయం కోసం నడుచుకుంటూ వెళ్ళకూడదు. ఆ హైవే మీద ఎవరో ఒకరు వస్తారు, ఆపుతారు కూడా, అక్కడి డ్రైవర్లకి అది అలవాటు. ట్యాంకులో నీళ్ళు కాకుండా విడిగా మంచినీళ్ళ క్యాన్లు రెండు ఎప్పుడూ నిండుగా ఉండాలి, చిన్న రోడ్‌హౌస్‌ల్లో బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి.

పాములు ఉన్నాయమ్మా, లేవని అబద్ధం చెప్పను. కానీ చలికాలంలో అవి పెద్దగా బయట తిరగవు. బిడ్డని చెప్పుల్లేకుండా గడ్డిలోకి వదలకపోతే, కట్టెల సందుల్లో చేతులు పెట్టనివ్వకపోతే చాలు.

ప్రశ్న: మావాడికి ఐదేళ్ళు. ట్యాబ్ లేకపోతే ముద్ద మింగడు. నెట్ లేని రోడ్డు మీద గంటలు గంటలు వాడితో ఏం చేయించాలి? కారులో కాస్త వాంతుల బాధ కూడా ఉంది. – పోరూర్, చెన్నై

జవాబు: ట్యాబ్ తీసుకెళ్ళండి, తప్పేం లేదు. వై-ఫై ఉండగానే బొమ్మల సినిమాలు నింపిపెట్టుకోండి. ప్రయాణంలో పిల్లల పెంపకం గురించి పాఠాలు చెప్పేవాళ్ళు వెనక సీట్లో ఐదేళ్ళవాడితో కూర్చోరు. కానీ వాంతుల బాధ ఉన్నవాడు కిందకి చూస్తూ ఉంటే ఇంకా ఎక్కువవుతుంది, కాబట్టి వాడికి వినేవి ఎక్కువ పెట్టండి. అమ్మమ్మ, తాతయ్య చేత కథలు ఫోన్‌లో రికార్డు చేయించి పట్టుకెళ్ళండి, ఎడారి మధ్యలో అమ్మమ్మ గొంతులో పేదరాసి పెద్దమ్మ కథ వినిపిస్తుంటే పెద్దవాళ్ళకి కూడా బాగుంటుంది. మందు కావాలంటే డాక్టర్ని అడిగి ఇక్కడే ఒకసారి వేసి చూడండి, కొందరు పిల్లలకి దానితో నిద్ర బదులు గంతులు ఎక్కువవుతాయి. ఒక మంచి విషయం, ఆ రోడ్డులో ఏలగిరి మలుపులేమీ ఉండవు. తిన్నగా పోతుంది, మరీ తిన్నగా.

కిటికీలోంచి చూడ్డానికి ఏమీ ఉండదనుకోకండి. రోడ్ ట్రైన్ డ్రైవర్లకి చెయ్యి ఊపడం, వాళ్ళు తిరిగి ఊపితే ఒక పాయింటు, ఈ ఆటతో ఒక పూట గడిచిపోతుంది. ఈములు, హార్ట్ సరస్సులో మెరిసే ఉప్పు, పెద్ద రెక్కల గద్దలు. ఆ గద్దలు కూర్చునేది చచ్చిపోయిన కంగారూల మీద అని మాత్రం ముందే తెలుసుకోండి. రోడ్డు పొడుగునా కనిపిస్తాయి, పిల్లాడు అడుగుతాడు. దాచకుండా, రాత్రిపూట బండ్లు గుద్దితే ఇలా అవుతాయి, అందుకే మనం చీకట్లో వెళ్ళం అని చెప్పేయండి. అబద్ధం చెప్తే పదోదానికి దొరికిపోతారు.

గంటన్నరకోసారి ఆగండి, వాడు అడగకపోయినా. రాత్రికి క్యాంపు ఎంచుకునేటప్పుడు జంపింగ్ పిల్లో ఉందేమో చూసుకోండి. నేలమీద పెద్ద దిండులా గాలి నింపిన గుడారపు గుడ్డ అది, ఊళ్ళోవాళ్ళ పిల్లలూ మన పిల్లలూ భాషతో పని లేకుండా గంటసేపు ఎగురుతారు. ఆ రాత్రి ట్యాబ్ లేకుండానే ముద్ద దిగుతుంది.

ప్రశ్న: లక్షలు పోసి వెళ్ళి ఎర్రమట్టి చూడ్డమేంటండీ? అనంతపురంలో లేదా? నాలుగేళ్ళ పిల్లలకి ఏం గుర్తుంటుంది? ఇలాంటివి రాసి మధ్యతరగతి వాళ్ళని అప్పులపాలు చేయకండి. – హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్, బెంగళూరు

జవాబు: అప్పు చేసి వెళ్ళొద్దు, అందులో మీతో ఏకీభవిస్తాను. విమానం టిక్కెట్లు, బండి అద్దె, డీజిలు, క్యాంపు ఫీజులు, ఇన్సూరెన్స్, అన్నీ కలిపితే చిన్న కుటుంబానికి బరువే. గుర్తుండదనే మాట మాత్రం ఒప్పుకోను. తిరుమల కూడా గుర్తుండదు, ఏడాది పిల్లకి గుండు కొట్టించడానికి తీసుకెళ్ళడం మానేశామా?

ఎర్రమట్టి అనంతపురంలోనూ ఉంది, నిజమే. కానీ కూబర్ పీడీలో మనుషులు ఆ మట్టి లోపల ఉంటారు. ఒపల్ అనే రత్నపు రాళ్ళ కోసం తవ్విన ఊరు అది, బయట ఎండలు భరించలేక జనం గుట్టల్లో గదులు తొలుచుకున్నారు, ఏడాది పొడుగునా లోపల ఏసీ అక్కర్లేని చల్లదనం. భూమి లోపల చర్చి ఉంది, హోటళ్ళున్నాయి. గోడ మీద చెయ్యి పెడితే యంత్రం పళ్ళు గీసిన చారలు వేళ్ళకి తగులుతాయి, పిల్లలు వాటివెంట చెయ్యి రాస్తూ గది గదీ తిరుగుతారు. గనుల్లోంచి తీసి పోసిన మట్టికుప్పల్లో వెతుక్కోవడానికి జనానికి వదిలిన స్థలం ఉంది, అక్కడ ఒపల్ ముక్క దొరికితే మీదే. మనకి దొరికేది ఎక్కువగా గాజుపెంకంత ముక్క, అయినా పిల్లల్ని లేపుకురావడం గగనం. ఆ స్థలం దాటి మాత్రం అడుగు వేయనివ్వొద్దు. ఊరి చుట్టూ మూతల్లేని గని గోతులు లెక్కలేనన్ని, వెనక్కి నడవొద్దు, పరిగెత్తొద్దు అని బోర్డులే పెట్టారు. చిన్నపిల్లల చెయ్యి వదిలే ఊరు కాదు.

ఉలురు సంగతికొస్తే, మన బెంగళూరు దగ్గరి సావనదుర్గ కొండ చూసిన కళ్ళకి ఇంకో రాయి అనిపించొచ్చు. 348 మీటర్ల ఎత్తు, చుట్టూ నడిస్తే పది కిలోమీటర్లు. సావనదుర్గలా నల్లరాయి కాదు, ఇసుకరాయి, అందులో ఇనుము తుప్పు పట్టి ఆ ఎరుపు వచ్చింది. చిన్నపిల్లలతో చుట్టంతా నడవక్కర్లేదు, ముటిట్జులు నీటిగుంట దాకా కిలోమీటరు దారి ఉంది, గుహల్లో పాత బొమ్మలు కనిపిస్తాయి. ఆ కొండ అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలది, 1985లో ప్రభుత్వం వాళ్ళకి తిరిగి అప్పగించింది, 2019 అక్టోబరు 26 నుంచి పైకెక్కడం నిషేధం. కొన్నిచోట్ల ఫొటోలు కూడా తీయకూడదు. మన గర్భగుడిలో కెమెరా ఎందుకు తీయమో తెలిసిన పిల్లలకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పార్కులో పిల్లలకి టిక్కెట్ లేదు, ఇది మీకు నచ్చుతుందనుకుంటా.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ ఎడారిలో ఇప్పుడు అడవి ఒంటెలు తిరుగుతుంటాయి. 1860లో బర్క్, విల్స్ అన్వేషణ యాత్ర కోసం కరాచీ నుంచి ఒంటెల్ని ఓడలో తెప్పించారు, ఆ తర్వాత దశాబ్దాల తరబడి మన వైపు నుంచి, అఫ్ఘానిస్తాన్ నుంచి వెళ్ళిన ఒంటెలవాళ్ళే ఆ దారుల్లో సరుకులు మోశారు. రైళ్ళూ లారీలూ వచ్చాక ఒంటెల్ని వదిలేశారు, అవి అక్కడే పెరిగాయి. రాత్రి దీపాలార్పి బయట కుర్చీ వేసుకుంటే, ఇక్కడ మనకి దక్షిణాన కనిపించే వృశ్చికం అక్కడ నడినెత్తికి ఎక్కుతుంది. హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్‌లో మేడ మీదికెక్కితే ఏం కనిపిస్తుందో మీకే తెలుసు.

ప్రశ్న: పాపకి పాటీ ట్రైనింగ్ ఇప్పుడే అయింది. దారిలో బాత్రూమ్‌లు ఎలా? – ఇందిరానగర్, బెంగళూరు

జవాబు: మోటార్‌హోమ్‌లో చిన్న టాయిలెట్ ఉంటుంది, అదే మీకు పెద్ద వరం. దాని కింద ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది, రెండు మూడు రోజులకోసారి బండి బయటివైపు చిన్న తలుపు తెరిచి దాన్ని లాగి, సూట్‌కేసులా ఈడ్చుకెళ్ళి, క్యాంపులో డంప్ పాయింట్ దగ్గర ఒంచేసి కడిగి, మందు నీళ్ళు పోసి మళ్ళీ పెట్టాలి. ఈ పని ఎవరిదో ఇక్కడ ఇంట్లో ఉండగానే తేల్చుకోండి, అక్కడ తేలదు. డంప్ పాయింట్ కాని చోట ఒంపడం నేరం. పాప పాటీ కుర్చీ కూడా పట్టుకెళ్ళండి, కొత్తచోట వాళ్ళు పెద్ద టాయిలెట్ ఎక్కరు. డైపర్ ప్యాకెట్ ఒకటి దాచి ఉంచండి, ట్రైనింగ్ రెండు వారాలు వెనక్కెళ్తే కొంపలేం మునగవు.

ప్రశ్న: ఎడారి కదా, పిల్లలకి కాటన్ బట్టలు చాలా? బుకింగ్ ఎప్పుడు చేయాలి? – వేళచ్చేరి, చెన్నై

జవాబు: చాలవు. జూన్, జూలైల్లో ఆలిస్‌లో పగలు హాయిగా ఉన్నా రాత్రి సున్నా దగ్గరికి దిగుతుంది, చెన్నై పిల్లలు దానికి సిద్ధంగా ఉండరు. ఉన్ని టోపీ, మేజోళ్ళు, లోపల వేసుకునే థర్మల్స్ తప్పనిసరి, బండి అద్దెకిచ్చేవాళ్ళు ఇచ్చే దుప్పటికి తోడు ఇంకోటి అడగండి. పగలు మళ్ళీ ఎండ చురుక్కుమంటుంది కాబట్టి అంచున్న టోపీ, సన్‌స్క్రీన్ రెండూ ఉండాలి. నవంబరు నుంచి మార్చి మధ్యలో మాత్రం చిన్నపిల్లలతో ఆ వైపు చూడొద్దు, పగలు 40 దాటుతుంది. పిల్లల సీట్లకి కొక్కేలున్న పెద్ద బండ్లు తక్కువ, ఆరు నెలల ముందే అడగండి. జూన్ రెండో సోమవారం వాళ్ళకి సెలవు, ఆ వారాంతంలో ఆలిస్ దగ్గర ఫింక్ డిజర్ట్ రేస్ అని మోటారు పందెం జరుగుతుంది, ఊళ్ళో క్యాంపుల్లో చోటు దొరకదు. అది ఒక్కటి తప్పించి మీకు వీలైన తేదీలు వేసుకోండి.